అమ్మా, నేనూ, రాజశేఖరం

2018 మే నెల. రోహిణి కార్తె ఇంకా రాకుండానే ఎండ మాడ్చేస్తోంది. బడికి సెలవులు కదా అని నేను ఆమదాలవలసలో అమ్మ దగ్గరున్నాను. రెండు కళ్లకీ శుక్లాలొచ్చినా ఆపరేషనంటే భయపడి ఏడాదికేడాది వాయిదా వేస్తూ వచ్చింది అమ్మ. అంచేత నేను ఎప్పుడు వెళ్లినా పొద్దున్నే వీధరుగు మీద కూర్చుని పేపరు చదివి వినిపించాలి. చావు కబుర్లు ముందు, తర్వాత ధరలు, ఆఖర్న రాజకీయాలు. అదీ ఆవిడ వరస.

ఆ వేళ మొదటి కబురు యద్దనపూడి సులోచనారాణి కన్నుమూశారని. కాలిఫోర్నియాలో, కూతురి దగ్గర ఉండగా.

‘‘ఎవులు?’’ అంది అమ్మ.

మళ్లీ చదివాను.

‘‘మా సులోచనారాణే?’’

మేనత్త కూతురో, పక్కింటావిడో పోయినట్టు అడిగింది. జీవితంలో ఒక్కసారి చూసిన మనిషి కాదు. ఉత్తరం ముక్క రాసిన మనిషీ కాదు. అయినా చెంగుతో కళ్లొత్తుకుంది. శుక్లాల కళ్లు నీళ్లు కారడం మామూలే కదా అన్నట్టు నేను పేపరు తిరగేశాను. కాసేపాగి, ‘‘అటక మీద ట్రంకుపెట్టె దింపు’’ అంది.

పెట్టె సంగతి తర్వాత చెప్తాను. ముందు నేను ఒప్పుకోవాల్సిన తప్పు ఒకటుంది. అది చెప్పాలంటే మా స్టేషన్ రోడ్డు దాకా రావాలి మీరు.

మా ఊరికి రైల్లో వచ్చే కొత్తవాళ్లు ఒకసారైనా తికమకపడతారు. ఆమదాలవలసలో దిగాలంటే బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది. శ్రీకాకుళం అక్కణ్నుంచి ఇంకా పన్నెండు పదమూడు కిలోమీటర్లు. ‘ఊరు మనది, పేరు వాళ్లది’ అని రైల్వేలో గుమస్తా అయిన మా నాన్న నవ్వేవారు. ఆ స్టేషన్ రోడ్డులో నా చిన్నప్పుడు ఒక అద్దె పుస్తకాల కొట్టుండేది. కొట్టంటే కొట్టు కాదు, సైకిలు షాపు పక్కన సందులో రెండు చెక్క బీరువాలు, ఒక స్టూలు. రోజుకి పది పైసలు అద్దె. ప్రతి పుస్తకానికీ కొట్టాయన గోధుమరంగు అట్ట వేసి, వెన్ను మీద సిరాతో నెంబరు రాసేవాడు. పేర్లతో పని లేదు. మా వీధి ఆడవాళ్లంతా నెంబర్లే చెప్పేవారు. ‘నలభై రెండు వొచ్చిందేమో అడగవే గుంటా’ అంటే ‘మీనా’ మొదటి భాగం అన్నమాట. ‘నలభై మూడు’ రెండో భాగం. నలభై రెండు ఒక ఇంట్లో, నలభై మూడు ఇంకో ఇంట్లో ఇరుక్కుపోతే ఆ వారం వీధిలో మాటలుండేవి కావు!

తెచ్చేదాన్ని నేనే. గౌను వేసుకునే వయసు నుంచీ. అమ్మ గుమ్మం దాటి కొట్టు దాకా వెళ్లిందని నాకు జ్ఞాపకం లేదు. నాన్న కోపిష్టి ఏం కాదుగానీ, ‘నవలలు చదివే ఆడవాళ్ల ఇళ్లలో పప్పు మాడుతుంది’ అని ఒక సామెత లాంటిది తనే కట్టుకుని ప్రచారం చేసేవారు. నాయనమ్మది ఇంకో దారి. పగలంతా ‘ఆ పుస్తకాల్లో ఏటుందే, కొంపలు ముంచీసే కతలు’ అని సణిగేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. రాత్రి దీపాలార్పాక పక్కలో దొర్లుతూ నెమ్మదిగా, ‘తరవాతేటయ్యిందే? ఆడు వొచ్చినాడా?’ అని అడిగేది. అమ్మ చీకట్లో గొంతు తగ్గించి చెప్పేది. మధ్యలో పడుకున్న నేను సులోచనారాణి నవలలు సగం అలా చెవితోనే చదివాను.

ఇప్పటి పిల్లలకి ఈ హడావుడి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1960లు వచ్చేసరికి ఎనిమిదో తరగతో, పదో తరగతో చదివి పెళ్లి చేసుకుని ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు తెలుగునాట చాలామంది తయారయ్యారు. చదవడం వచ్చు. చదవడానికేం లేదు. ఆ ఖాళీలోకి ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, జ్యోతి, యువ లాంటి పత్రికలు సీరియళ్లు పట్టుకుని వచ్చాయి. రాసేవాళ్లలో ఆడవాళ్లే ముందున్నారు. కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, మన విజయనగరం ఆడపడుచు ద్వివేదుల విశాలాక్షి... ఎవరి దారి వాళ్లది. ఆడపేరుంటేనే అచ్చవుతుందని కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకున్న కాలమది. మగపేరు పెట్టుకుని రాయాల్సి వచ్చిన ఇంగ్లీషు రచయిత్రుల గురించి విన్నాం గానీ, ఈ తలకిందుల ముచ్చట మనకి దక్కింది.

వీళ్లందరిలోకీ అద్దె కొట్లలో ఎక్కువ నలిగిన పేరు యద్దనపూడిదే. పుట్టింది కృష్ణా జిల్లా కాజ గ్రామంలో. పెళ్లయి హైదరాబాదు వచ్చి, సంసారం చేసుకుంటూ రాసింది. ‘చిత్రనళినీయం’ అనే కథతో మొదలుపెట్టినా, ఆమెని ఆమెని చేసింది ‘సెక్రటరీ’. 1964 ప్రాంతంలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. పేదింటి అమ్మాయి జయంతి, ధనవంతుడైన రాజశేఖరం దగ్గర సెక్రటరీగా చేరుతుంది. అతని మీద మనసుంది, అతని నడత మీద అనుమానముంది. రెంటికీ మధ్య తన ఆత్మాభిమానం. అంతే కథ. ఆఫీసులో ఉద్యోగం చేసే ఆడపిల్ల అంటేనే వింతగా చూసే రోజుల్లో, ఆ ఉద్యోగం పేరునే నవల పేరుగా పెట్టడం ఎంత తెగువో ఇప్పుడు తడుతోంది నాకు.

తర్వాత సినిమా వాళ్లు క్యూ కట్టారు. ‘విజేత’ నవల 1972లో ‘విచిత్రబంధం’ అయింది. 1973లో ‘జీవన తరంగాలు’. అదే ఏడాది ‘మీనా’, తెలుగులో విజయనిర్మల దర్శకత్వం వహించిన మొదటి సినిమా. ఒక ఆడది రాసిన నవలని ఇంకో ఆడది సినిమా తీసిందన్న సంగతి ఆ రోజుల్లో మా వీధిలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకున్నట్టు లేదు. ‘కృష్ణ బాగున్నాడు’ అని మాత్రం చెప్పుకున్నారు.

‘సెక్రటరీ’ 1976లో వచ్చింది. కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వం, అక్కినేని, వాణిశ్రీ. నాకు పదకొండేళ్లు. వీధిలో ఆడవాళ్లు పదిమంది కట్టకట్టుకుని మ్యాట్నీకి వెళ్లాం. తిరిగొస్తుంటే ఒక్కరి ముఖంలో కళ లేదు. ‘నవల్లో అలాగ లేదు’ అని మొదలుపెట్టింది ఒకావిడ, ఇక అందరూ అందుకున్నారు. అక్కినేని మీద అందరికీ ప్రాణమే. కానీ ఆయనకప్పటికి యాభై దాటాయి. మా వాళ్ల మనసుల్లో రాజశేఖరం పన్నెండేళ్లుగా కుర్రాడిగానే ఉన్నాడు. అమ్మ ఏం అనలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, ‘మన రాజశేఖరం కాదే’ అంది. అంతే.

ఇంక నా తప్పు.

డిగ్రీకి శ్రీకాకుళం వెళ్లిరావడం మొదలుపెట్టాక నాకు కొత్త కళ్లు వచ్చాయి. వచ్చాయని నేననుకున్నాను. శ్రీకాకుళం పోరాటం సద్దుమణిగి అప్పటికి పదేళ్లు దాటినా, దాని వేడి కాలేజీల్లో మిగిలే ఉంది. నా స్నేహితురాళ్ల చేతుల్లో కారా మాస్టారి ‘యజ్ఞం’, రావిశాస్త్రి కథలు. నిజంగానే గొప్ప కథలు. మా పొలాలు, మా అప్పులు, మా మాట అచ్చులో చూసుకోవడం ఒళ్లు జలదరించే అనుభవం. కారా గారికి ఆ ‘యజ్ఞం’ మీదే 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1997లో ఆయన శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. అలాంటి జిల్లాలో పుట్టి, ఆరడుగుల అందగాడు, విదేశీ కారు, మెట్ల మీంచి దిగే హీరోయిన్... వీటిని పట్టుకుని కూర్చుంటారా అని నాకు చిరాకు.

1984లో ఒక సాయంత్రం. ఏదో సాహిత్య సభ నుంచి మంచి ఊపు మీద ఇంటికొచ్చాను. అమ్మ వంటింట్లో పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని, ఒళ్లో గోధుమరంగు అట్ట పుస్తకం పెట్టుకుని చదువుతోంది. పప్పు నిజంగానే మాడింది. నాన్న సామెతకి సాక్ష్యం ఆ ఒక్క రోజే దొరికింది. నాకేం పూనిందో, ‘‘ఇలాంటి చెత్త చదవబట్టే నీ బతుకు ఈ వంటింట్లో ఇలా అఘోరించింది’’ అన్నాను.

అమ్మ ఏం అనలేదు. పేజీ గుర్తు కోసం చీపురు పుల్ల పెట్టుకోవడం ఆవిడకి అలవాటు. ఆ రోజు పుల్ల పెట్టకుండా పుస్తకం మూసేసింది. మర్నాడు, ‘‘కొట్లో ఇచ్చీ’’ అని నా చేతికిచ్చింది. ‘‘వేరేది తేవాలా?’’ అంటే, ‘‘ఒద్దులే’’ అంది. ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్నంతసేపూ ఆవిడ చేతిలో నవల చూడలేదు. చదవడం మానేసిందో, నా కంటపడకుండా చదివిందో అడిగే ధైర్యం నాకు చాలలేదు. అత్తగారికి దాచలేదు, మొగుడికి దాచలేదు, కన్నకూతురికి దాచుకోవాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది నాకో సంబంధం వచ్చింది. రైసుమిల్లు, డాబా ఇల్లు, గుమ్మంలో ఫియట్ కారు. కుర్రాడు ఎర్రగా బుర్రగా ఉన్నాడు. పొడగరి కూడా. చూసిపోయి, పిల్ల నచ్చిందన్నారు. బి.ఇడి. మాత్రం అక్కర్లేదు, మా ఇంట ఆడవాళ్లు ఉద్యోగాలు చెయ్యరు అన్నారు. ఇంటిల్లిపాదీ గాల్లో తేలిపోయారు. మావయ్యయితే ముహూర్తాల దాకా వెళ్లిపోయాడు. నేను పైకి బింకంగా ఉన్నానుగానీ... నిజం చెప్పొద్దూ, ఆ కారు చూశాక నా మనసు కూడా కాస్త మెత్తబడింది. ‘యజ్ఞం’ చదివిన మనసే!

వద్దన్నది అమ్మ. ఆవిడ నోట ‘వద్దు’ అన్న మాట మా ఇంట్లో అంత గట్టిగా వినపడ్డం అదే మొదలు. నాన్న తెల్లబోయి, ‘ఏం తక్కువని?’ అని అడిగారు.

‘‘తక్కువేటీ లేదు. గంటసేపు కూకున్నాడు. పిల్లని ఏటి సదివినావని ఒక్క మాట అడిగినాడా? ఆళ్ల నాన్న మొకం సూసి తల ఊపినాడు, ఆళ్లమ్మ మొకం సూసి తల ఊపినాడు. పిల్ల మొకం సూడలేదు’’ అంది అమ్మ.

సంబంధం తప్పిపోయింది. మావయ్య ఆర్నెల్లు మా గడప తొక్కలేదు. నేను బి.ఇడి. చేశాను, సర్కారు బళ్లో సోషల్ టీచరునయ్యాను, నాకు నచ్చిన మనిషిని ఇంట్లో చెప్పే పెళ్లి చేసుకున్నాను. అమ్మ ఆ రోజన్న మాట ఎక్కడ నేర్చుకుందో మాత్రం చాలా ఏళ్లు ఆలోచించలేదు.

ఆలోచించింది 2016లో. ‘అ ఆ’ సినిమా అప్పుడు. మా అమ్మాయి అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తోంది. పెత్తనం చేసే డబ్బున్న తల్లి, పల్లెటూరు వెళ్లిన కూతురు, అక్కడ బావ. పావుగంటకే అమ్మ, ‘‘ఇది మా మీనా కత కదే’’ అనేసింది. చూసినవాళ్లు చాలామంది అదే మాటన్నారు, పత్రికల్లో చర్చ కూడా జరిగింది. మా అమ్మాయికి ఆ నవల గురించి తెలీదు. ‘‘ఆ హీరోలో ఏం నచ్చేది అమ్మమ్మా నీకు?’’ అని అడిగింది. కారు గురించో, అందం గురించో చెబుతుందని నేను నవ్వుకోడానికి సిద్ధంగా ఉన్నాను.

‘‘కనిపెట్టుకునుంటాడే. ఆ పిల్ల ఒక పూట అన్నం తినకపోతే ఆడికి తెలుస్తాది. ఆ పిల్ల కాదంటే ఆగుతాడు’’ అంది అమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది, ఫియట్ కారు కుర్రాడి ముఖం.

కారు, సూటు, మేడ... మేం వెక్కిరించినవన్నీ ఆ నవలల్లో ఉన్నమాట నిజమే. కానీ అమ్మ లాంటి వాళ్లకి అవి పెళ్లిపందిరికి కట్టిన మామిడి తోరణాల్లాంటివి. చూడముచ్చటగా ఉంటాయి, ఎవరూ తినరు. వాళ్లు తిన్నది వేరు. తనకి జ్వరమొస్తే మొగుడు గమనించని ఇళ్లలో, ‘నీకేం ఇష్టం’ అని పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ అడగని ఆడవాళ్లకి, అడిగే మగవాడొకడు ఉండొచ్చని ఆ పుస్తకం చెప్పింది. జయంతి అతన్ని ఎన్నిసార్లు కాదన్నా, అతను దాన్ని పొగరని కొట్టిపారెయ్యడు. లండన్లో 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్ వాళ్లు అలాంటి కథలే అచ్చేసి లోకమంతా అమ్మారు. అంతకుముందు, 1813లోనే జేన్ ఆస్టిన్ ఒక పొగరుబోతు ధనవంతుడికి ఓ అమ్మాయి చేత ముఖం మీదే కాదనిపించింది. ఈ కథకి ఎన్ని ఊళ్లున్నాయో! మన ఊరికి తెచ్చి, మన బామ్మలతో, మేనత్తలతో, కాఫీ గ్లాసులతో కూర్చోబెట్టింది సులోచనారాణి. వాక్యం ఎక్కడా అడ్డం తిరగదు. ఎనిమిదో తరగతి చదివిన మనిషి పొయ్యి మీద ఒక కన్నేసి చదవగలగాలి. అది తేలిక పని అనుకుని ప్రయత్నించినవాళ్లు చాలామంది కనపడకుండా పోయారు.

అలాగని నాకు అన్నీ నచ్చేశాయని చెప్పను. మొన్నీమధ్య మళ్లీ నాలుగైదు నవలలు వరసగా చదివాను. కష్టాలన్నీ ఆఖరికి ఒక మంచి ధనవంతుడి మంచితనంతో తీరిపోవడం ఇప్పటికీ మింగుడుపడదు. అతను మంచివాడు కాకపోతే ఆ పిల్ల గతేంటి అన్న ప్రశ్న దగ్గరికి కథ పోదు. అంట్లు తోమే మనిషి, పాలేరు కథలో ఉంటారుగానీ వాళ్లకో కథ ఉండదు. కులం ఊసే లేదు. అమ్మతో ఈ మాటంటే, ‘‘అయన్నీ ఇంట్లో ఉన్నాయి కదే, మళ్లీ పుస్తకంలో ఎందుకు?’’ అంది. దానికి నా దగ్గర సమాధానం ఉంది. కారా గారి కథలే ఆ సమాధానం. అయినా ఈసారి నోరు మూసుకున్నాను. 1984లో మాట్లాడింది చాలు.

1980లు వచ్చేసరికి ఆ గాలి మారింది. యండమూరి ‘తులసిదళం’తో చేతబడులు, ఉత్కంఠ వచ్చాయి. తర్వాత టీవీ వచ్చి అద్దె కొట్లని మింగేసింది. మా స్టేషన్ రోడ్డు కొట్టాయన రెండు బీరువాలూ కిలోల లెక్కన అమ్మేశాడని విన్నాను. ఊళ్లో సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఊరంతా బాధపడింది, చెరుకు బళ్ల వరసలు గుర్తొచ్చి ఇప్పటికీ చెప్పుకుంటారు. పుస్తకాల కొట్టు ఎప్పుడు మూసేశారో ఎవరూ గమనించలేదు. మా వీధి ఆడవాళ్లు గమనించే ఉంటారు.

ఇంక ట్రంకుపెట్టె.

పాత పట్టుచీర, నాన్న రిటైర్మెంటు శాలువా, మా పురిటి బట్టలు, వాటి అడుగున పాత దుప్పటి ముక్కలో చుట్టిన కట్ట. విప్పితే, దబ్బనంతో పురికొస పోసి కుట్టిన కాగితాలు. జ్యోతి మాసపత్రికలోంచి నెలనెలా చింపి కుట్టుకున్న ‘సెక్రటరీ’ సీరియల్. నాయనమ్మ కొంగులో కట్టుకున్న చిల్లర లోంచి పత్రిక డబ్బులు వచ్చేవని అమ్మ అప్పుడే చెప్పింది. పగలు సణిగిన నాయనమ్మే!

కాగితాలు ముట్టుకుంటే పెళుసుగా విరుగుతున్నాయి. వెనక పక్కల చూస్తే సబ్బు ప్రకటనలు, సగం వంటకం, ఎవరిదో కథ మొదటి పేజీ. ఆ కథ కరువు గురించి. రెండో పేజీ లేదు, సీరియల్ కోసం అమ్మ ఈ పేజీ చింపేసరికి ఆ కథ సగంలో తెగిపోయింది. నా పక్షం కథ వెనక, అమ్మ పక్షం కథ ముందు, ఒకే కాగితం మీద యాభై ఏళ్లు పెట్టెలో ఉన్నాయి.

‘‘నువ్వు కడుపులో ఉండగా వొచ్చింది ఇది. నెలకోసారి పత్రికొచ్చీది. నువ్వో నెల, జయంతో నెల లెక్కెట్టుకునీదాన్ని’’ అంది అమ్మ.

మధ్యలో ఒకచోట అచ్చు కాగితాలు ఆగిపోయి, గీతల నోటుబుక్కు కాగితాలు మొదలయ్యాయి. నీలం సిరా, పెద్దపెద్ద గుండ్రటి అక్షరాలు. తలకట్లు కొన్నిచోట్ల లేవు. మొదట అర్థం కాలేదు. అమ్మే చెప్పింది. పురిటికి కన్నవారింటికి వెళ్తే, వంశధార ఒడ్డున ఆ పల్లెకి పత్రిక వచ్చే దారి లేదు. ఒక నెల భాగం పోయింది. తిరిగొచ్చి అడిగితే ఎవరి దగ్గరా దొరకలేదు. పుస్తకంగా వచ్చాక, కొన్నేళ్లకి స్టేషన్ రోడ్డు కొట్లోకి వచ్చింది. రోజుకి పది పైసలు. నాలుగు రోజులు ఉంచుకుని, ఆ భాగమంతా రాత్రిళ్లు చూసి రాసి, కుట్టు విప్పి మధ్యలో పెట్టి మళ్లీ కుట్టింది.

‘‘చదివేశావు కదా, ఎందుకు రాయడం?’’ అన్నాను.

‘‘మధ్యలో కన్నముంటే ఎలాగే?’’

ఆ నోటుబుక్కు కాగితాల పైన మూలలో చిన్నగా లెక్కలున్నాయి. రెండో ఎక్కం. నా రాత. ఒకటో తరగతిలో నేను సగం రాసి వదిలేసిన పుస్తకంలోనే అమ్మ జయంతి కథ పూర్తి చేసుకుంది.

‘అఘోరించింది’ అన్నాను కదా ఆ రోజు. ఆ మాటకి క్షమాపణ ఎలా చెప్పాలో తెలియలేదు. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత ఆ మాట ఎత్తడం కూడా మోటుగానే ఉంటుంది. ‘‘చదవనా?’’ అన్నాను. గుమ్మంలోకి వడగాలి కొడుతోంది. తలుపు ఓరగా వేసి, అమ్మ తల కింద దిండు సర్ది, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. అమ్మ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అని ఆపితే, చెయ్యి ఆడించి కానీ అంది.

రోజూ కొంత, భోజనాలయ్యాక. నాలుగో మధ్యాహ్నం అమ్మ రాసిన కాగితాల దగ్గరికి వచ్చాం. ఒకచోట సిరా నీళ్లు తగిలి అలుక్కుపోయింది. ఎలాగూ కళ్లు మూసుకునే ఉందిగా అని, కిందికి దిగి తర్వాతి వాక్యం అందుకున్నాను.

‘‘ఒక పేరా వొదిలీసినావు’’ అంది అమ్మ.

‘‘చెరిగిపోయిందమ్మా. కనపడ్డం లేదు.’’

‘‘అలాగైతే నువ్వాగు’’ అని, కళ్లు తెరవకుండానే మొదలుపెట్టింది.